పదిమంది వాడే భూవ్యవస్థ మోడల్ కోడ్‌ను కొత్తగా మార్చడం ఎలా: జవాబు చెడకుండా, మెట్టు మెట్టుగా

సముద్రపు పై పొరల్లో వేడి, ఉప్పు ఎంత లోతు దాకా కలుస్తాయో లెక్కగట్టే ఒక సబ్‌రొటీన్ (ప్రోగ్రామ్‌లో ఒక చిన్న పని చేసే భాగం) మీ చేతికొచ్చిందనుకోండి, శాస్త్రీయ లెక్కలకు వాడే పాత భాష ఫోర్ట్రాన్‌లో రాసింది. రాసినాయన ఎప్పుడో రిటైరయ్యాడు. వేరియబుల్ పేర్లన్నీ ఆరక్షరాలకు కుదించి ఉన్నాయి, ఎందుకంటే ఫోర్ట్రాన్ 77 ప్రమాణం అంతకు మించి ఒప్పుకునేది కాదు. మధ్యమధ్య గోటూలు, అంటే ఒక లైను నుంచి ఇంకో లైనుకు దూకించే ఆదేశాలు. ఒకచోట 'ఈ లైను ముట్టుకోవద్దు' అని కామెంట్, ఎందుకో మాత్రం రాయలేదు. మూడు మోడళ్లు దీన్ని వాడుతున్నాయి. ఇప్పుడు మీకొచ్చిన పని: దీన్ని శుభ్రం చేయాలి, జీపీయూ మీద నడపాలి, ఆ మూడు మోడళ్లూ ఆగకూడదు.

ఇలాంటప్పుడు చాలామంది కొత్త ఫోల్డర్ తెరిచి మొదటి నుంచి తిరగరాస్తారు. నేనూ ఒకసారి అదే చేశాను. నాలుగు నెలల తర్వాత కోడ్ చూడముచ్చటగా ఉంది, వేగంగానూ ఉంది, కానీ జవాబు పాతదానితో కలవలేదు. ఎక్కడ తేడా వచ్చిందో చెప్పమంటే చెప్పలేకపోయాను. వందల మార్పులు కలగలిసిపోయాయి మరి. చివరికి దాన్ని పక్కన పడేశాం.

ఆ దెబ్బతో నేర్చుకున్నది ఒకటే. మార్పులు రెండు రకాలు: జవాబును మార్చనివి, మార్చేవి. ఈ రెండూ ఒకే కమిట్‌లో, అంటే ఒకేసారి నమోదు చేసే మార్పులో, కలవకూడదు. కింద చెప్పే మెట్లన్నీ ఈ గీత చెరిగిపోకుండా చూసుకోవడానికే.

మొదటి మెట్టు: ఎవరెవరు వాడుతున్నారో తెలుసుకోండి

భూవ్యవస్థ మోడల్ అంటే ఒక ప్రోగ్రామ్ కాదు. గాలి, సముద్రం, నేల, సముద్రపు మంచు, హిమఖండాలు, జీవరసాయన చక్రాలు... ఒక్కోదానికీ ఒక్కో కోడ్, వాటన్నిటినీ కలిపే కప్లర్ ఒకటి. 1969లో స్యుకురో మనాబే, కిర్క్ బ్రయన్ గాలినీ సముద్రాన్నీ మొదటిసారి ఒకే మోడల్‌లో కలిపి ఫలితాలు ప్రచురించారు. అప్పటి నుంచి భాగాలు పెరుగుతూ వచ్చాయి. ప్రతి బృందమూ ప్రతి భాగాన్నీ సొంతంగా రాసుకోలేదు కాబట్టి పంచుకోవడం తప్పలేదు. సముద్రంలో నిలువు మిశ్రమానికి సీవీమిక్స్, సముద్ర జీవరసాయనానికి మార్బుల్, వాతావరణ భౌతిక ప్రక్రియలకు సీసీపీపీ లాంటివి ఇలా పుట్టినవే. అమెరికాలో ఈ3ఎస్‌ఎం అనే మోడల్ సీఈఎస్‌ఎం అనే ఇంకో మోడల్ నుంచి చీలి వేరుపడ్డాక కూడా, కేసులు తయారుచేసి బిల్డ్ చేసి టెస్ట్ చేసే సైమ్ అనే సామగ్రిని రెండూ పంచుకున్నాయి.

కాబట్టి ముందు మీ లైబ్రరీని, అంటే ఇలా పంచుకునే మీ సబ్‌రొటీన్ల కోడ్‌ను, పిలిచే ప్రతి మోడల్ పేరూ రాసుకోండి. ఏ వెర్షన్ వాడుతున్నారు, ఏ కంపైలర్లతో కడుతున్నారు, ఏ సబ్‌రొటీన్లను నేరుగా పిలుస్తున్నారు అన్నవి అడగండి. ఎవరో ఒకరు మీ లోపలి వేరియబుల్‌ను నేరుగా అందుకుని వాడుకుంటూ ఉంటారు. అది వాళ్ల తప్పే, కానీ విరిగినప్పుడు ఫోన్ మీకే వస్తుంది.

రెండో మెట్టు: ఉన్నదున్నట్టు గిట్‌లో పెట్టి కట్టండి

దీనిమీద ఎక్కువ చెప్పేది లేదు. ఒక్క అక్షరం మార్చకుండా పాత కోడ్‌ను, మార్పుల చరిత్ర దాచే గిట్‌లోకి ఎక్కించి, ట్యాగ్ వేయండి. బిల్డ్‌ను (కోడ్‌ను కంపైల్ చేసి కలిపే పనిని) సీమేక్ అనే పరికరంలోకి తీసుకురండి. నెట్‌సీడీఎఫ్ (డేటా ఫైళ్లకు), ఎంపీఐ (ప్రాసెసర్ల మధ్య డేటా పంపడానికి) లాంటి బయటి లైబ్రరీల వెర్షన్లు స్పాక్ అనే ప్యాకేజీ మేనేజర్‌లోనో, కంటైనర్‌లోనో నమోదు చేసి పెట్టండి. కనీసం రెండు వేర్వేరు కంపైలర్లతో కట్టి చూడండి. ఒకటి పట్టించుకోని తప్పును ఇంకొకటి పట్టుకుంటుంది.

మూడో మెట్టు: జవాబును కాపలా కాసే టెస్టులు

మొత్తం పనిలో సగం ఇక్కడే ఉంది. తొందరపడి దాటేస్తే తర్వాతి ప్రతి మెట్టులోనూ టెన్షనే.

మామూలు సాఫ్ట్‌వేర్‌లో సరైన జవాబు ముందే తెలుస్తుంది. ఇక్కడ వందేళ్ల తర్వాతి సముద్ర ఉష్ణోగ్రతకు 'సరైన జవాబు' ఎవరి దగ్గరా లేదు. పైగా వ్యవస్థే అస్థిరం. 1961లో ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ ఒక వాతావరణ రన్‌ను మధ్యలోంచి మళ్లీ నడపాలని ప్రింటవుట్‌లోని అంకెలు టైపు చేశాడు. కంప్యూటర్ మెమరీలో ఉన్నది 0.506127, కాగితం మీద ఉన్నది 0.506. రెండు రన్‌లూ కాసేపు కలిసి నడిచి, ఆ తర్వాత పూర్తిగా విడిపోయాయి. కేయాస్ సిద్ధాంతానికి నాంది అని దీన్ని అందరూ చెప్పుకుంటారు. మన వృత్తి కళ్లతో చూస్తే అది ఫెయిలైన రీస్టార్ట్ టెస్ట్.

అందుకే మొదట రాయాల్సింది అదే. పది రోజుల రన్ ఒకటి నడపండి. అయిదు రోజులకు ఆపి, ఆపినప్పటి స్థితి దాచుకున్న రీస్టార్ట్ ఫైల్ నుంచి మళ్లీ మొదలుపెట్టి మిగతా అయిదు రోజులు నడపండి. రెండు ఫలితాలూ ఆఖరి బిట్ దాకా ఒక్కటిగా ఉండాలి. లేకపోతే ఏదో ఒక వేరియబుల్ రీస్టార్ట్ ఫైల్‌లోకి ఎక్కలేదన్న మాట. పాత కోడ్‌లో ఈ టెస్ట్ మొదటిసారే పాసైతే, టెస్ట్ నిజంగా నడిచిందో లేదో ఒకసారి చూసుకోండి.

రెండోది, ప్రాసెసర్ల సంఖ్య మార్చి చూడటం. 64 మీద నడిపినా 128 మీద నడిపినా జవాబు ఒకటే రావాలి. ఇది అనిపించినంత తేలిక కాదు, ఎందుకంటే కంప్యూటర్ కూడికలో వరుస మారితే మొత్తం మారుతుంది. సింగిల్ ప్రెసిషన్‌లో, అంటే 32 బిట్ల సంఖ్యలతో, 10 కోట్లకు 1 కలిపి, తర్వాత 10 కోట్లు తీసేస్తే 0 వస్తుంది. ముందు తీసేసి తర్వాత 1 కలిపితే 1 వస్తుంది. భూగోళం మొత్తానికి సగటు తీసే ప్రతిచోటా ఈ తంటా ఉంటుంది. అమెరికాలోని జీఎఫ్‌డీఎల్ పరిశోధనశాల వాళ్ల మామ్6 సముద్ర మోడల్ దీనికి చక్కటి దారి పట్టింది. దశాంశ సంఖ్యను కొన్ని పూర్ణాంకాలుగా విడగొట్టి కూడుతుంది. పూర్ణాంకాల కూడికలో వరుస ఎలా ఉన్నా మొత్తం ఒకటే.

అదే మోడల్‌లోంచి ఇంకో టెస్ట్ నేర్చుకోవచ్చు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ముచ్చటైన ఉపాయం ఇది. పొడవు, కాలం, ద్రవ్యరాశి లాంటి ప్రమాణాలను లోపల 2 ఘాతంతో (2, 4, 8... 1024 లాంటి సంఖ్యతో) గుణించి నడుపుతారు, అంటే మీటరుకు బదులు 1024వ వంతు మీటరు వాడినట్టు. 2 ఘాతంతో గుణిస్తే సంఖ్యలో ఎక్స్‌పోనెంట్ మాత్రమే మారుతుంది, అంకెలు చెక్కుచెదరవు. కాబట్టి సమీకరణాల్లో యూనిట్లు సరిపోయి ఉంటే ఆఖరికి జవాబు బిట్‌తో సహా అదే రావాలి. తేడా వచ్చిందంటే ఎక్కడో మీటరుకు సెకను కలిపారు, లేదా యూనిట్లున్న ఒక స్థిరాంకాన్ని నేరుగా సంఖ్యగా రాసేశారు. వెయ్యి లైన్లు కళ్లతో చదివి పట్టుకోలేని తప్పు ఒక్క రన్‌తో బయటపడుతుంది.

మూడోది, లెక్కల పద్దు. లోపలికి వచ్చిన నీరు, బయటికి పోయిన నీరు, నిల్వలో మారింది, ఈ మూడూ సరిపోవాలి. శక్తికి, ఉప్పుకు, కార్బన్‌కు కూడా అంతే. ఏ మార్పు చేసినా ఈ పద్దు తప్పకూడదు, జవాబును కావాలని మార్చినప్పుడు కూడా.

బిట్ టు బిట్ కలవడం అసాధ్యమైన సందర్భాలూ వస్తాయి. కొత్త కంపైలర్, కొత్త మెషీన్, జీపీయూ. గుణకారం, కూడిక కలిపి ఒకేసారి చేసే ప్రాసెసర్ ఆదేశం వాడితే రౌండింగ్ రెండుసార్లకు బదులు ఒకేసారి జరుగుతుంది, అంతే, చివరి అంకె మారిపోతుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న 'ఒకటేనా' అని కాదు, 'వాతావరణ గణాంకాలు అవేనా' అని. సీఈఎస్‌ఎం బృందం దీనికి సమూహ పరీక్ష పెట్టింది. ప్రారంభ ఉష్ణోగ్రతలో దశాంశం తర్వాత 14వ స్థానంలో చిన్న కదలిక ఇచ్చి చాలా రన్‌లు నడుపుతారు. ఆ గుంపు సహజంగా ఎంత మేర చెదురుతుందో కొలిచి పెట్టుకుంటారు. కొత్త రన్‌లు ఆ మేరలో పడితే సరే, బయట పడితే ఏదో నిజంగా మారింది. నెల రోజులు నడిపి మ్యాపులు పక్కపక్కన పెట్టి 'బాగానే ఉన్నట్టుంది' అనడం కంటే ఇది చాలా మేలు. ఆ కంటి పరీక్షతో పాసైపోయిన బగ్గులను నేను తర్వాత నెలల తరబడి వెతికాను.

నాలుగో మెట్టు: జవాబు మారని శుభ్రత

ఇప్పుడు కోడ్ మీద చేయి వేయవచ్చు. ప్రతి చిన్న మార్పు తర్వాతా టెస్టులు నడవాలి, ప్రతిసారీ బిట్ కూడా మారకూడదు.

తేలికైనవి ముందు. పంచ్ కార్డుల కాలం నాటి 72 కాలమ్‌ల ఫిక్స్‌డ్ ఫార్మాట్‌ను ఫ్రీ ఫార్మాట్‌లోకి మార్చండి. ప్రతి ఫైల్‌లోనూ ఇంప్లిసిట్ నన్ పెట్టండి. అది లేకపోతే పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా కంపైలర్ నోరెత్తకుండా కొత్త వేరియబుల్ పుట్టించేస్తుంది. కామన్ బ్లాకులను, అంటే సబ్‌రొటీన్లు పంచుకునే పాతకాలపు ఉమ్మడి మెమరీని, మాడ్యూళ్లుగా మార్చండి. సబ్‌రొటీన్‌కు పంపే ఆర్గ్యుమెంట్లకు, లోపలికా బయటికా అన్నది ఇంటెంట్‌తో చెప్పండి. ఈ ఒక్కదానితోనే కంపైలర్ సగం తప్పులు తనే చెప్పేస్తుంది.

ఇక ఉచ్చులు. ఫోర్ట్రాన్‌లో వేరియబుల్‌ను ప్రకటించే లైన్లోనే విలువ ఇస్తే, ఆ విలువ పడేది ఒక్కసారే. తర్వాతి పిలుపులో పాత విలువే మిగిలి ఉంటుంది. సీ రాసి వచ్చినవాళ్లు ప్రతి పిలుపులోనూ సున్నా అవుతుందనుకుని దెబ్బతింటారు. దీన్ని 'సరిచేస్తే' జవాబు మారవచ్చు. అప్పుడు అది ఈ మెట్టులో చేయాల్సిన పని కాదు. ఒక చీటీ రాసి పక్కన పెట్టండి.

విలువ ఇవ్వకుండా వాడిన వేరియబుళ్లు కూడా అంతే. డీబగ్ ఫ్లాగులతో కట్టి, మెమరీని నాన్‌లతో, అంటే 'ఇది సంఖ్య కాదు' అని చెప్పే ప్రత్యేక విలువలతో, నింపి నడపండి. ఎన్ని బయటపడతాయో చూసి బెదిరిపోకండి. ఎర్రే హద్దులు దాటి చదివినవీ అప్పుడే దొరుకుతాయి.

క్యాలెండర్ ఇంకొకటి. కొన్ని మోడళ్లలో లీపు సంవత్సరం ఉండదు, ఏడాదికి ఎప్పుడూ 365 రోజులే. ఇంకొన్నిట్లో నెలకు 30 చొప్పున 360 రోజులే. 'తేదీల లెక్కకు సిద్ధంగా ఉన్న లైబ్రరీ వాడేద్దాం' అని మార్చేసి, ఫిబ్రవరి 30 దగ్గర రన్ కుప్పకూలిన సందర్భం నాకు బాగా గుర్తు.

ఈ పనంతా చేస్తుంటే దారిలో నిజమైన శాస్త్రపరమైన బగ్ ఒకటి తప్పక కనిపిస్తుంది. చేయి దురద పెడుతుంది. ఆగండి. చీటీ రాయండి, ముందుకు సాగండి.

అయిదో మెట్టు: గుమ్మం సన్నగా ఉంచండి

ఉమ్మడి లైబ్రరీ ఎంత కాలం బతుకుతుందన్నది లోపలి కోడ్ కంటే దాని ఇంటర్‌ఫేస్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. నా అభిప్రాయంలో ఇక్కడ నాలుగు నియమాలు చాలు.

లైబ్రరీ ఫైళ్లు తెరవకూడదు, ఎంపీఐ పిలవకూడదు. డేటా తెచ్చిచ్చే బాధ్యత మోడల్‌ది. మార్బుల్, సీవీమిక్స్ లాంటివి నీటి నిలువు స్తంభం ప్రాతిపదికన పనిచేస్తాయి. స్తంభం ఇస్తే లెక్క చేసి వెనక్కి ఇస్తాయి, చుట్టూ ఉన్న గ్రిడ్ ఎలాంటిదో వాటికి అక్కర్లేదు. అందుకే వేర్వేరు గ్రిడ్‌లున్న మోడళ్లలో ఇమిడిపోతాయి.

తప్పు ఎదురైతే లైబ్రరీ ప్రోగ్రామ్‌ను ఆపేయకూడదు, ఎర్రర్ కోడ్ తిరిగి ఇవ్వాలి. పదివేల కోర్ల మీద మూడు రోజులుగా నడుస్తున్న రన్‌ను ఆపాలా వద్దా అన్న నిర్ణయం మీది కాదు.

ప్రతి వేరియబుల్‌కూ ప్రామాణిక పేరు, యూనిట్ రాతపూర్వకంగా ఉండాలి. నెట్‌సీడీఎఫ్ ఫైళ్ల కోసం సీఎఫ్ ఒప్పందాలు ఈ పని ఎప్పుడో చేసిపెట్టాయి, కొత్తవి కనిపెట్టకండి. సీసీపీపీలో ఒక్కో పథకం (ఒక భౌతిక ప్రక్రియను లెక్కగట్టే కోడ్) పక్కనే మెటాడేటా ఫైల్ ఉంటుంది. పేరు, యూనిట్, కొలతలు అందులో చదివి, మోడల్‌కూ పథకానికీ మధ్య అతుకు కోడ్‌ను ఒక స్క్రిప్టే తయారు చేస్తుంది.

నాలుగోది, లోపల దాచుకున్న స్థితి ఉండకూడదు. అవసరమైనదంతా ఆర్గ్యుమెంట్‌గా రావాలి. ఇది పాటిస్తే థ్రెడ్‌లు, జీపీయూ పని సగం తేలికవుతుంది. ఫోర్ట్రాన్ 2003తో వచ్చిన సీ ఇంటర్‌ఆపరబిలిటీ వాడి ఒక పల్చటి పొర రాస్తే పైథాన్ నుంచీ పిలవచ్చు. అప్పుడు ఒక్క నీటి స్తంభాన్ని ల్యాప్‌టాప్ మీద నోట్‌బుక్‌లో నడిపి చూడవచ్చు. సూపర్ కంప్యూటర్ క్యూలో రోజంతా కాచుకుని, రాగానే ప్లస్, మైనస్ గుర్తు తప్పు పడిందని తెలుసుకునే బాధ తప్పుతుంది.

ఆరో మెట్టు: జీపీయూ, భాష

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే, నేను ఆరో మెట్టుకు తోసేశాను. ముందు అయిదు మెట్లూ ఎక్కకపోతే ఇక్కడ చేసే పని ఏది సరైనదో ఏది కాదో తేల్చుకోలేరు.

ముందు ప్రొఫైల్ తీయండి. మొత్తం సమయంలో మీ లైబ్రరీ వాటా 5 శాతమే అయితే, దాన్ని వంద రెట్లు వేగం చేసినా ఆదా అయ్యేది 5 శాతం లోపే. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. చుట్టూ ఉన్న కోడంతా జీపీయూ మీద ఉండి మీది మాత్రం సీపీయూ మీద ఉంటే, ప్రతి స్టెప్పులోనూ డేటా అటూ ఇటూ మోయాల్సి వస్తుంది. ఆ మోత ఖర్చు లెక్క ఖర్చును మింగేస్తుంది. అప్పుడు 5 శాతం కోడ్‌నూ తరలించక తప్పదు, దానికి వేగం పెరగకపోయినా సరే.

దారులు ఇవి. ఫోర్ట్రాన్‌ను ఉంచి ఏ భాగాన్ని జీపీయూ మీద నడపాలో కంపైలర్‌కు చెప్పే ఓపెన్‌ఏసీసీ లేదా ఓపెన్‌ఎంపీ ఆదేశాలు చేర్చడం ఒకటి. జర్మనీలో పుట్టిన ఐకాన్ వాతావరణ మోడల్‌లో ఓపెన్‌ఏసీసీతో చాలా పని జరిగింది. సీ++లోకి వెళ్లి కోకోస్ లాంటి లైబ్రరీతో ఒకే కోడ్‌ను వేర్వేరు చిప్‌ల మీద నడపడం ఇంకొకటి. ఈ3ఎస్‌ఎం బృందం స్క్రీమ్ అనే వాతావరణ భాగాన్ని ఇలా మొదటి నుంచి రాసింది. 3.25 కిలోమీటర్ల గ్రిడ్‌తో భూగోళం మొత్తాన్ని ఫ్రాంటియర్ సూపర్ కంప్యూటర్ మీద రోజుకు ఏడాదికి పైగా నడిపి, 2023లో వాతావరణ మోడలింగ్‌కు తొలి గోర్డన్ బెల్ బహుమతి గెలిచింది. మూడో దారిలో శాస్త్రవేత్త రాసే లెక్కను, చిప్‌కు తగ్గ కోడ్‌ను విడదీస్తారు. బ్రిటన్ మెట్ ఆఫీస్ వాళ్ల ఎల్ఎఫ్‌రిక్ మోడల్ కోసం సైక్లోన్ అనే పరికరం ఆ మధ్య పొరను తయారు చేస్తుంది. క్లైమా ప్రాజెక్ట్ అయితే జూలియా భాషలో కొత్తగా మొదలుపెట్టింది.

స్క్రీమ్ కథ చూసి వెంటనే సీ++ వైపు పరుగెత్తకండి. దాని వెనక పెద్ద బృందం, ఏళ్ల నిధులు ఉన్నాయి. మీ లైబ్రరీని ఇద్దరు పోషిస్తున్నారు, వాడేవాళ్లందరూ ఫోర్ట్రాన్ చదవగలిగినవాళ్లు. అలాంటప్పుడు శుభ్రమైన ఫోర్ట్రాన్, దానిమీద ఆదేశాలు, ఇదే నా సలహా. భాష పాతదైతే కోడ్ పాతది అయిపోదు. ఆ భాషకు 2023లోనూ కొత్త ప్రమాణం వచ్చింది.

ఏడో మెట్టు: ప్రెసిషన్ తగ్గించడం

64 బిట్ల బదులు 32 బిట్లు వాడితే మెమరీ మోత సగమవుతుంది. ఐరోపా మధ్యకాలిక వాతావరణ సూచనల కేంద్రం, ఈసీఎండబ్ల్యూఎఫ్, 2021లో తన సమూహ సూచనలను (కొద్ది తేడాలతో చాలాసార్లు నడిపే సూచనలను) సింగిల్ ప్రెసిషన్‌కు మార్చింది. మిగిలిన కంప్యూటర్ శక్తితో నిలువు పొరలను 91 నుంచి 137కు పెంచింది.

అయితే అన్నిచోట్లా కుదరదు. లోతు నేల ఉష్ణోగ్రత 280 కెల్విన్ అనుకోండి. సింగిల్ ప్రెసిషన్‌లో ఆ దగ్గర రెండు పక్కపక్క సంఖ్యల మధ్య దూరం సుమారు 0.00003 డిగ్రీ. ఒక్క టైమ్ స్టెప్పులో మార్పు అందులో సగం కన్నా తక్కువైతే, కూడినా విలువ కదలదు. అరగంట స్టెప్పుతో రోజుకు 48 కూడికలు, ఏడాది పొడవునా అదే జరిగితే పావు డిగ్రీ వేడి మౌనంగా మాయమవుతుంది. కాబట్టి రియల్ (దశాంశ సంఖ్యల) రకాన్ని ఒకే మాడ్యూల్‌లో పేరు పెట్టి నిర్వచించండి, కొద్ది కొద్దిగా పోగయ్యే వేరియబుళ్లకు మాత్రం డబుల్ ఉంచండి. ఇది జవాబును మార్చే పని. దీని నిర్ణయానికి మూడో మెట్టులోని సమూహ పరీక్ష, పద్దు పరీక్ష రెండూ కావాలి.

ఎనిమిదో మెట్టు: జవాబు మార్చే మార్పులు

పక్కన పెట్టిన చీటీలు గుర్తున్నాయి కదా, ఇప్పుడు వాటిని బయటికి తీయండి. ఒక్కో చీటీకి ఒక్కో కమిట్. ప్రతిదానికీ ఒక స్విచ్: పాత ప్రవర్తన ఒకవైపు, కొత్తది ఇంకోవైపు. మామ్6లో ఇలాంటి చోట్ల తేదీ ఆధారంగా స్విచ్ పెట్టారు. ఫలానా తేదీ నాటి జవాబులు కావాలని పారామీటర్‌లో అడిగితే అప్పటి లెక్కలే వస్తాయి. మధ్యలో ఉన్న వందేళ్ల రన్‌ను ఆపకుండా నడుపుకోవాల్సినవాళ్లకు ఇది ప్రాణం.

విడుదల చేసేటప్పుడు జవాబు మారే వెర్షన్‌కు మొదటి అంకె మార్చండి. మారని వెర్షన్‌కు చివరి అంకె చాలు. విడుదల గమనికలో 'కొన్ని మెరుగుదలలు' అని రాసేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ వేరియబుల్, ఏ ప్రాంతంలో, ఎంత మారిందో అంకెలతో రాయండి. వాడే మోడళ్ల టెస్టులను మీ ఆటోమేటిక్ పరీక్షల్లోనే నడిపించగలిగితే ఇంకా మంచిది. వాళ్ల దగ్గర విరగకముందే మీకు తెలుస్తుంది.

ఈ దశలోనే లైసెన్స్ తేల్చండి. లైసెన్స్ లేని కోడ్‌ను ఎవరూ ధైర్యంగా వాడలేరు. ఐకాన్ 2024 జనవరిలో బీఎస్‌డీ లైసెన్స్‌తో బయటికొచ్చింది. ప్రతి విడుదలకూ జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకుంటే పరిశోధన పత్రంలో ఏ వెర్షన్ వాడారో కచ్చితంగా చెప్పవచ్చు, కోడ్ రాసినవాళ్లకు ఉటంకింపూ దక్కుతుంది.

తొమ్మిదో మెట్టు: పాత దారి మూసేయండి

స్విచ్‌లు పెట్టడం సుఖం, తీయడం కష్టం. పది స్విచ్‌లుంటే కలయికలు వెయ్యి దాటుతాయి. అన్నిటినీ ఎవరూ టెస్ట్ చేయలేరు. అందుకే ప్రతి స్విచ్‌కూ పుట్టినరోజే తీసివేత తేదీ రాయండి, వాడేవాళ్లకు ముందే చెప్పండి, ఆ తేదీ రాగానే తీసేయండి. 'ఈ లైను ముట్టుకోవద్దు' అన్న ఆ పాత కామెంట్‌ను కూడా ఇప్పుడు చూడవచ్చు. మా దగ్గర అది ఎప్పుడో మాయమైన ఒక కంపైలర్ బగ్‌ను తప్పించుకోవడానికి రాసిన లైను. తీసేసి టెస్టులు నడిపాం. ఒక్క బిట్ కూడా మారలేదు.